ఎర్ర లిస్టులో లేని పేరు

జనవరి 19, ఆదివారం

ఈ డైరీ ప్రేమ్‌సాగర్ ఇచ్చాడు. విత్తనాల కంపెనీవాళ్లు ఆయనకిస్తే ఆయన నా చేతిలో పెట్టాడు. ప్రతి పేజీ కింద ఒక కూరగాయ బొమ్మ ఉంది. ఈ రోజు బెండకాయ. ఎవరికీ చూపించే పని లేదు కాబట్టి ఏ కూరగాయ మీద రాసినా ఒకటే.

కోర్సు మొదలైంది. స్టాటిస్టిక్స్, పన్నెండు వారాలు. దేశం మొత్తం మీద నలభై వేల మంది చేరారట. మా జహీరాబాద్ సెంటర్ నుంచి అరవై రెండు మంది. పాఠం చెప్పే ప్రొఫెసర్ ఎక్కడో ఉన్నాడు. చక్కటి ఇంగ్లీషు, చక్కటి చొక్కా. నలభై వేల మందికీ ఆయనే చెప్పేశాక నాలాంటివాడికి చెప్పడానికి ఏం మిగిలింది? పద్నాలుగేళ్లు జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పాను. కాలేజీ మూతపడింది. ఇప్పుడు నేను కోఆర్డినేటర్‌ని. అంటే తాళం తీస్తాను, కంప్యూటర్లు ఆన్ చేస్తాను, రిజిస్టర్‌లో సంతకాలు పెట్టిస్తాను.

సెంటర్ ప్రేమ్‌సాగర్‌ది. ఈ రోజు వచ్చి రెండే మాటలు చెప్పాడు. "సార్, ఒకటి, ఎవ్వరు మధ్యల ఆగొద్దు. రెండు, అందరు ఖుష్ ఉండాలె. గీ రెండు బాగుంటే వచ్చే ఏడు గుడ సెంటర్ మనదే."

ఖుష్‌గా ఉన్నారో లేదో తెలియడానికి ప్రతి వారం పాఠం చివర ఐదు ముఖాలు వస్తాయి. మొదటిది ఏడుస్తుంటుంది, ఐదోది పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతుంటుంది. మొదటి రెండు ముఖాలు నొక్కినవాళ్లూ, పది రోజులు వీడియోలు చూడనివాళ్లూ ఎర్ర లిస్టులో పడతారు. దాని గురించి యూనివర్సిటీ నుంచి పెద్ద మెయిల్ వచ్చింది. సగం చదివాను. ఎర్ర లిస్టు అనేది మంచిది కాదని తెలుసుకోవడానికి మిగతా సగం అక్కర్లేదు.

జనవరి 26, ఆదివారం

బడిలో జెండా ఎగరేసి నేరుగా సెంటర్‌కు వచ్చింది ఒకమ్మాయి. పేరు అక్షత. మొగుడంపల్లిలో ఒక ప్రైవేటు బడిలో రెండో తరగతి టీచరు. డిగ్రీలో అన్నీ పాసై ఈ ఒక్క పేపరే మిగిలింది. చీర కొంగుకు ఇంకా చిన్న జెండా గుచ్చుకుని ఉంది.

"సార్, మీరు లెక్కల సారంట గద. ఒక ముచ్చట సమజైతలేదు. సగటు నుంచి ఒక్కొక్కటి ఎంత దూరముందో తీస్తున్నడు, మంచిగనే ఉంది. మళ్ల దాన్ని దానితోనే ఎందుకు గుణిస్తున్నడు? జర చెప్తరా?"

"వీడియో మళ్లీ చూడమ్మా" అన్నాను.

"మూడుసార్లు చూసిన సార్."

"నాలుగోసారి చూడు."

ఆమె వెళ్లలేదు. నోట్‌బుక్ మూసి, తెరిచి, "జూన్ వరకు పాస్ కాకుంటే క్లాస్ తీసేస్తరంట సార్. హెడ్మాస్టర్ చెప్పిండు. డిగ్రీ లేని టీచర్లను ఉంచరంట. గదే బడిల ఆయాగ ఉండుమన్నడు. నా క్లాసు పిల్లలకే ముక్కులు తుడవాలె. ఇంట్ల మా అత్తమ్మ మొదట్నుంచి వద్దనే అంటది" అంది.

ప్రశ్న మంచిదే. పద్నాలుగేళ్లలో అది అడిగినవాళ్లు నలుగురు కూడా లేరు. మిగతావాళ్లు సూత్రం బట్టీపట్టి పోయేవాళ్లు. కానీ కోఆర్డినేటర్లు పాఠం చెప్పకూడదని రూల్ ఉంది. ఎక్కడుందో వెతకాలి.

జనవరి 27

రూల్ దొరకలేదు.

ఫిబ్రవరి 2, ఆదివారం

అక్షత మొదటి ముఖం నొక్కింది. ఏడుపు ముఖం. కింద డబ్బాలో ఇలా రాసింది: "సగటు వరకు అర్థమైంది. తర్వాత కాలేదు. ఎవరన్న తెలుగుల చెప్తే నేర్చుకుంట."

మా దగ్గర అందరి పాస్‌వర్డ్‌లూ ఉంటాయి. దొంగతనమేం కాదు. చాలామంది ఇళ్లల్లో ఒకటే ఫోను. అది భర్త దగ్గరో కొడుకు దగ్గరో ఉంటుంది. పాస్‌వర్డ్ మర్చిపోతే గొడవ అని వాళ్లే వచ్చి రిజిస్టర్‌లో పేరు పక్కన రాయించారు. "మీ దగ్గర్నే ఉండనియ్యున్రి సార్" అన్నారు. నమ్మకం అంటే అది.

నొక్కిన ముఖాన్ని ఆదివారం సాయంత్రం దాకా మార్చుకోవచ్చు. మార్చాను. ఏడుపును నవ్వు చేశాను. డబ్బాలో ఉన్నది తీసేసి "బాగుంది" అని పెట్టాను. అరవై రెండు మందిలో ఒక్కరి వల్ల సెంటర్ మొత్తం ఎర్ర లిస్టుకు ఎక్కడం న్యాయమా? ఆమెకూ మంచిది కాదు. లిస్టులో పడితే ఏం చేస్తారో ఏమో.

ఫిబ్రవరి 9, ఆదివారం

వీడియోలు చూడనివాళ్లు పదకొండు మంది. చెరకు నరికే రోజులు, ఎవరు కూర్చుని చూస్తారు? అందుకని తిప్పాను. ఈ పనికి ప్రేమ్‌సాగర్ పెట్టిన పేరు అది. వాళ్ల పేరుతో లాగిన్ అయి, సౌండ్ తీసేసి, వీడియో పెట్టి వదిలేయడం. ఏడు కంప్యూటర్లలో ఏడుగురు ప్రొఫెసర్లు గొంతు లేకుండా చేతులు ఊపుతున్నారు. వినేవాళ్లు ఎవరూ లేరు. కింద రోడ్డు మీద చెరకు ట్రాక్టర్లు పోతున్నాయి. నేను పేపరు చదువుకున్నాను.

ఇంటికి వస్తే నా భార్య శ్యామల అడిగింది. "ఇయ్యాల ఎవరికన్న పాఠం చెప్పినవా?"

నేను కాలేజీలో చెప్పే రోజుల నుంచీ ఆమెకు అదే అలవాటు. దవాఖాన డ్యూటీ దిగి రాగానే అదే ప్రశ్న. "నా పని అది కాదిప్పుడు" అన్నాను. "మరి ఏంది నీ పని?" అంది. కోపంగా అనలేదు. నిజంగానే తెలియక అడిగింది. నాకు కోపం వచ్చింది.

ఫిబ్రవరి 16

అక్షత మళ్లీ ఏడుపు ముఖం. మార్చాను.

ఫిబ్రవరి 23, ఆదివారం

వారం ముగిశాక అందరికీ తెర మీద ఒక లెక్క కనబడుతుంది. ఈ వారం పాఠం నూటికి తొంభై ఆరు మందికి నచ్చింది, అని. అక్షత దాని ముందు నిలబడి నవ్వింది.

"తొంభై ఆరు మందికి వచ్చిందంట సార్. మిగిలిన నలుగుర్ల నేనొకదాన్ని."

"నచ్చడం వేరు, రావడం వేరు" అన్నాను. ఆ తొంభై ఆరులో ఆమె కూడా ఉందని ఎలా చెప్పను?

ఈసారి ఏ ముఖమూ నొక్కకుండానే వెళ్లిపోయింది. నేను నొక్కాను.

మార్చి 9, ఆదివారం

రెండు వారాలుగా అక్షత రాలేదు. ఫోన్‌లో కూడా వీడియోలు తెరవలేదు. పది రోజులు దాటితే లిస్టులో పడుతుంది. అందుకని పోయిన ఆదివారమూ ఈ రోజూ ఆమె వీడియోలు కూడా తిప్పాను. ఆమె మేలు కోసమే.

మార్చి 16, ఆదివారం

ప్రేమ్‌సాగర్ మిఠాయి డబ్బా పట్టుకొచ్చాడు. ఎర్ర లిస్టులో ఒక్క పేరు కూడా లేని సెంటర్ చుట్టుపక్కల మాదొక్కటేనట. ఏప్రిల్ 13న హైదరాబాద్‌లో సన్మానం. "మీరే రావాలె సార్. శాలువ మీకే. కష్టం మీది" అన్నాడు. కాలేజీలో పద్నాలుగేళ్లూ నాకెవరూ శాలువా కప్పలేదు. సంతోషం వేయలేదని రాస్తే అబద్ధం.

మార్చి 30, ఉగాది

సెంటర్ సెలవు. పదకొండు గంటలకు అక్షత ఫోన్ చేసింది. పండుగ శుభాకాంక్షలు చెప్పి, మొహమాటపడుతూ మొదలుపెట్టింది.

"సార్, ఖేడ్ సెంటర్‌ల నా దోస్త్ రేఖ గీ కోర్సే చదువుతుంది. ఆమెకు వెస్లీ సార్ అని ఒకాయన వారం వారం ఫోన్ చేస్తడంట. అర్ధగంట తెలుగుల చెప్తడంట. ఏడ్సే బొమ్మ నొక్కినోళ్లకు చేస్తరంట సార్. నేను గుడ నొక్కిన గద, రెండుసార్లు. నాకెందుకు రాలే?"

నేను ఏమీ అనకముందే ఆమే చెప్పింది. "యూనివర్సిటోళ్లకు ఫోన్ చేసి అడిగిన. అమ్మా, మీరు అన్ని వీడియోలు చూసిన్రు, ప్రతి వారం నవ్వే బొమ్మ నొక్కిన్రు, మీకేం ఫికర్ లేదు అన్నరు. నా ఫోనే ఖరాబైనట్టుంది సార్. ఒకటి నొక్కితే ఇంకోటి పడుతుంది."

"అయుంటుంది. పాత ఫోన్లతో అదే సమస్య" అన్నాను.

"మీరన్న చెప్తరా సార్ వాళ్లకు?"

"చెబుతాను."

పచ్చడి గిన్నె ముందు పెట్టి శ్యామల "ఎవరు?" అంది. స్టూడెంట్ అన్నాను. ఆ మాట నోటివెంట వచ్చి చాలా రోజులైంది.

మార్చి 31

మెయిల్ సగం చదివానని జనవరిలో రాశాను. నిజానికి అప్పుడే మొత్తం చదివాను. రెండో సగంలో స్పష్టంగా ఉంది: లిస్టులో ఉన్నవారికి తెలుగు మెంటర్ ఫోన్ చేసి పాఠం చెబుతారు, ఇది సహాయం కోసమే, శిక్ష కాదు. ప్రేమ్‌సాగర్‌కు ఆ ముక్క చదివి వినిపించాను కూడా. "గట్లనే అంటరు సార్. రేపు సెంటర్ తీసేసేటప్పుడు గదే లిస్టు ముంగటేస్తరు" అన్నాడు. నాకూ అదే నిజమనిపించింది. అనిపించేలా చేసుకున్నాను. ఎవరూ చదవని డైరీలో కూడా అబద్ధం రాశానంటే నా సంగతేమిటో నాకే తెలియాలి.

పరీక్ష ఏప్రిల్ 27న. ఇంకా నాలుగు వారాలున్నాయి. ఇప్పుడు ఒక్క ఏడుపు ముఖం నొక్కితే చాలు, ఆమెకు ఫోన్ వస్తుంది. కానీ సన్మానానికి ముందు ఆ ఒక్క పేరు బయటికొస్తే ఎందుకొచ్చిందని చూస్తారు. పదమూడు దాటనీ. దాటగానే చేస్తాను.

ఏప్రిల్ 6, ఆదివారం

ఈ రోజు పాఠం చెప్పాను.

చెప్పాలనుకోలేదు. అక్షత వచ్చి వెనక కుర్చీలో కూర్చుని ఆ రెండో వీడియోనే మళ్లీ చూస్తోంది. పన్నెండు వారాల కోర్సు ముగింపుకొస్తుంటే ఆమె ఇంకా అక్కడే ఉంది. చూడలేకపోయాను. గోడకు తెల్లబోర్డు ఉంటే, దాని మీద ప్రేమ్‌సాగర్ అంటించిన కాగితాలు పీకేశాను.

"మీ క్లాసులో ఐదుగురు పిల్లల మార్కులు చెప్పు, పదికి."

"నాలుగు, ఆరు, ఏడు, ఎనిమిది, పది."

"సగటు?"

"ఏడు."

"ఏడు నుంచి ఎవరెంత దూరం ఉన్నారో రాయి. తక్కువైతే మైనస్ పెట్టు."

రాసింది. మైనస్ మూడు, మైనస్ ఒకటి, సున్నా, ఒకటి, మూడు.

"అన్నీ కూడు."

కూడింది. మళ్లీ కూడింది. "సున్నా వస్తుంది సార్. అంటే ఎవ్వరికి ఎవ్వరికి తేడా లేదని లెక్క. కని ఉంది గద? ఒకనికి నాలుగొచ్చినయి, ఒకనికి పదొచ్చినయి." బోర్డు వైపు చూస్తూ నిలబడింది. నేను మాట్లాడలేదు. ఆ నిమిషంలో మాట్లాడకూడదని పద్నాలుగేళ్లు నేర్చుకున్నాను. "మైనసులు ప్లస్సులను తింటున్నయి... సార్! అందుకనే దాన్ని దానితో గుణిస్తున్నడు! మైనస్ పోవాలని!"

తొమ్మిది, ఒకటి, సున్నా, ఒకటి, తొమ్మిది. ఇరవై. ఐదుతో భాగిస్తే నాలుగు. వర్గమూలం రెండు. ఆమే చేసింది.

"గింతేనా సార్?"

"ఇంతే."

"గింత ముచ్చటకు మూడు నెలలు ఏడ్చిన" అని నవ్వి, కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

నలభై నిమిషాలు పట్టింది. జనవరి 26న ఆ నలభై నిమిషాలు నాకు లేవా? పేపరు చదవడానికి ఉన్నాయి. వీడియోలు తిప్పడానికి ఉన్నాయి.

"వచ్చే ఆదివారం రా. మిగతాది పొద్దున నుంచి సాయంత్రం దాకా కూర్చుని చెబుతాను. నువ్వు పాసవుతావు" అన్నాను. ఆమె మెట్లు దిగి ఆటో ఎక్కాక గుర్తొచ్చింది, వచ్చే ఆదివారం పదమూడని.

శ్యామల అడగకముందే చెప్పాను. ఈ రోజు పాఠం చెప్పానని.

ఏప్రిల్ 13, ఆదివారం

హైదరాబాద్. శాలువా, జ్ఞాపిక, భోజనం. మైకులో నా పేరు రెండుసార్లు పిలిచారు.

భోజనాల దగ్గర ఒక కుర్రాడిలాంటి మనిషి పక్కన కూర్చున్నాడు. వెస్లీ అని చెప్పుకున్నాడు. "జహీరాబాద్ సార్ మీరేనా? మీ దగ్గర్నుంచి నాకు ఒక్క పేరు గుడ రాలే సార్. మిగతా సెంటర్లోళ్లకు చెప్పి చెప్పి గొంతు పోయింది. మీరే కూసోబెట్టి చెప్తరనుకుంట, అవునా?"

"అవును, నేనే చెబుతాను" అన్నాను.

"గట్లుండాలె సార్" అని నా చెయ్యి పట్టుకున్నాడు. పక్కన ప్రేమ్‌సాగర్ తల ఊపాడు. అప్పుడు చెప్పి ఉండొచ్చు. ఒక పేరు ఉంది బాబూ, రాసుకో, రెండు వారాలే టైముంది, అంటే చాలు. ఆ మనిషి అన్నం తినకముందే రాసుకునేవాడు. నేను పెరుగు వడ్డించుకున్నాను.

బస్సులో ఫోన్ చూస్తే అక్షత నుంచి మూడు మిస్డ్ కాల్స్. పదింటికి ఒకటి, పదకొండున్నరకు ఒకటి, రెండింటికి ఒకటి. అంటే నాలుగు గంటలు మెట్ల మీద కూర్చుంది.

రాలేనని వారం రోజుల్లో ఒక్క ఫోన్ చేయలేదు నేను. మర్చిపోలేదు. చెబితే "మరి ఇంకెప్పుడు సార్" అంటుంది.

ఏప్రిల్ 14

పదమూడు దాటింది. ఇంకా ముఖం మార్చలేదు. అభిప్రాయాల గడువు నిన్నటితో ముగిసింది. ఇక మార్చడానికి ఏమీ లేదు.

ఏప్రిల్ 20, ఆదివారం

బాల్కనీలో నిలబడి మొగుడంపల్లి నుంచి వచ్చే ఆటోలు చూశాను. నాలుగు వచ్చాయి. ఆమె దిగలేదు. ఫోన్ చేశాను, ఎత్తలేదు. ఒక రకంగా మంచిదే అనుకున్నాను. ఎందుకు మంచిదో నాకే తెలియదు.

ఏప్రిల్ 27

సంగారెడ్డిలో పరీక్ష. ఎండ చాలా ఉంది.

మే 18, ఆదివారం

ఫలితాలు వచ్చాయి. అక్షతకు ఇరవై తొమ్మిది. ముప్పై ఐదు రావాలి.

కోఆర్డినేటర్‌కు ఒక్కో ప్రశ్నకు ఎన్ని మార్కులు వచ్చాయో కూడా కనబడుతుంది. మొదట్లో ఉన్న చిన్న ప్రశ్నల్లో పంతొమ్మిది వచ్చాయి. స్టాండర్డ్ డీవియేషన్ ప్రశ్నకు పదికి పది. ఆ తర్వాత ఏదీ రాయలేదు. రాయలేదు అంటే తప్పు రాయడం కాదు, ఖాళీగా వదిలేయడం. నేను చెప్పినంత వరకు రాసింది. చెప్పనిది వదిలేసింది.

ఇంకొక్క ఆదివారం చెప్పి ఉంటే చాలు.

కోర్సు మొత్తానికి మా సెంటర్ తృప్తి ఐదుకు 4.8.

జూన్ 1

ప్రేమ్‌సాగర్ ఫోన్. ఈ ఏడు కూడా సెంటర్ మనదేనట. కొత్త బ్యాచ్ డెబ్బై మంది దాటుతారట.

జూన్ 15, ఆదివారం

మొగుడంపల్లి వెళ్లాను. శ్యామలకు అంతా చెప్పాక ఆమె ఒకటే అంది. "నాకెందుకు చెప్తున్నవ్? పొయ్యి ఆ పిల్లకు చెప్పు." ఆటోలో దారి పొడుగునా అక్షత నన్ను ఏమని తిడుతుందో ఊహించుకుంటూ వెళ్లాను. తిట్టించుకుంటే బరువు దిగుతుందనిపించింది. మనుషులు తమ కోసం ఎంత దూరమైనా పోతారు.

అక్షత ఇంటి ముందు మంచం మీద పెసర్లు చెరుగుతోంది. నన్ను చూసి గబగబా లేచింది. "బడి తెరిచిన్రు సార్, గురువారం. ఆయా పనిల పెట్టిన్రు. పిల్లలు టీచర్ టీచర్ అనుకుంటనే వస్తున్నరు. ఆయమ్మా అనున్రి అని కొత్త టీచర్ చెప్తుంది. ఇంక అలవాటైతలేదు వాళ్లకు." అదేదో ఊరి వార్త అన్నట్టు మామూలుగానే చెప్పింది.

నేను మొత్తం చెప్పాను. పాస్‌వర్డ్, ముఖాలు, తిప్పిన వీడియోలు, లిస్టు ఎందుకో నాకు ముందే తెలుసని, వెస్లీ పక్కన కూర్చుని కూడా పేరు చెప్పలేదని. "నీ ఫోన్‌లో ఏ తప్పూ లేదమ్మా" అన్నాను.

ఆమె తిట్టలేదు. చేట మంచం మీద పెట్టింది.

"అయితే సార్, నాకు చదువు రాక కాదా?"

"కాదమ్మా."

"నూటికి తొంభై ఆరు మందికి వస్తుంది, నాకొక్కదానికే వస్తలేదు, నా తలకాయే గింత అనుకున్న సార్. ఇంట్ల గుడ గదే అన్నరు. ఎందుకు నీకీ చదువు, నీతోని కాదు అన్నరు. నేను గుడ అవునన్న. మళ్ల పరీక్ష ఫీజు కట్టనని మా ఆయనకు చెప్పేసిన."

ఆమె ముఖంలో కోపం కోసం వెతికాను. లేదు. వెలుగు ఉంది. ఏప్రిల్ 6న బోర్డు ముందు చూసిన వెలుగే. అది నన్ను ఎక్కువ బాధపెట్టింది. ఆమె నుంచి నేను తీసుకున్నది ఒక పరీక్ష అనుకుంటూ వచ్చాను ఇన్నాళ్లూ. కాదు.

ఆమె లోపలి వైపు తిరిగి పిలిచింది. "అత్తమ్మా, జర బయటికి రా. సార్ ఒక ముచ్చట చెప్తడు." మళ్లీ నా వైపు తిరిగి, గొంతు తగ్గించి, "నాకు చెప్పింది గామెకు చెప్పున్రి సార్. గంతే. నేను చెప్తే నమ్మది" అంది.

అత్త సంగమ్మ వచ్చింది. రొట్టెలు చేస్తున్నట్టుంది, చేతులకు జొన్నపిండి. కొంగు సర్దుకుని గుమ్మంలో నిలబడింది. "ఏంది సార్?"

చెప్పాల్సింది నాలుగు ముక్కలు. అప్పుడే ఒకసారి చెప్పాను కూడా. కానీ ఈమెకు చెబితే కొడుక్కు చెబుతుంది, కొడుకు ఊళ్లో అంటాడు, ఊరు జహీరాబాద్ దాకా వస్తుంది. డెబ్బై మంది కొత్తవాళ్లు, ప్రేమ్‌సాగర్, శాలువా, అన్నీ ఒక్కసారి కళ్లముందు తిరిగాయి.

"ఏం లేదమ్మా. మీ కోడలు బాగా చదువుతుంది. ఆ మాట చెప్పిపోదామని వచ్చాను."

సంగమ్మ నన్నూ కోడలినీ మార్చి మార్చి చూసింది. వెటకారం లేదు ఆమె గొంతులో. తెలుసుకుందామనే అడిగింది.

"బాగ చదివితే ఎందుకు ఫేలైంది సార్?"

అక్షత నా ముఖంలోకే చూస్తోంది. నేను జవాబు చెబుతానని చూస్తోంది. నేను తల దించుకుని చెప్పుల వైపు చూశాను.

"కూసోన్రి సార్, చాయ్ పెడత" అని అక్షత లోపలికి వెళ్లింది.

తాగి వచ్చాను.